చాచా నంబరుకే వస్తుంది

చాచా పోయాడన్న వార్త నాకు మా చర్చి గ్రూపులో తెలిసింది. కరీంనగర్‌లో నేను పాఠం చెప్పే బడిలో, పొద్దున కంప్యూటర్ గది తాళం తీస్తూ ఫోన్ చూశాను. కాగజ్‌నగర్ నుంచి మా పాస్టరు గారు పెట్టిన మెసేజ్: "మన నెట్ సెంటర్ చాచా పొద్దుగాల గుండె ఆగి పోయిండు. ఇంటోళ్ల కోసం ప్రార్థన చెయ్యున్రి." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేను పైకి జరిపాను, కిందికి జరిపాను, మళ్లీ పైకి జరిపాను. ఎవరో ఒకరు 'కాదు, తప్పు వార్త' అని పెడతారేమోనని చూశాను. ఎవరూ పెట్టలేదు. ఆ బొమ్మల మధ్యలో ఒకాయన మాత్రం అడిగాడు: "చాచా ఫోన్ ఎవరి దగ్గరున్నది? నాకు ఓటీపీ కావాలె, అర్జంట్."

నాకు ఒళ్లు మండింది. మనిషికి ఇంకా స్నానమైనా చేయించి ఉండరు, వీడికి అర్జంటట. ఏదో గట్టిగానే రాద్దామని మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. నా మెయిల్ కూడా చాచా నంబరు మీదే ఉందని అప్పుడే గుర్తొచ్చింది.

మీకిది వింతగా ఉండవచ్చు. మా ఊళ్లో ఇంటర్నెట్ మొదలైన రోజుల్లో మెయిల్ తెరవాలంటే చాచా దగ్గరికే పోవాలి. మెయిల్‌కైనా, దరఖాస్తుకైనా ఫోన్ నంబరు అని ఒక గడి ఉంటుంది కదా. అప్పట్లో చేతిలో ఫోన్ ఎవరికుంది? చాచాకుంది. అందుకని అందరి గడిలోనూ ఆయన తన నంబరే కొట్టేవాడు. కాగితం మిల్లు కార్మికులకు, వాళ్ల పిల్లలకు, జైనూర్ వైపు నుంచి బస్సెక్కి వచ్చే హాస్టల్ పిల్లలకు, అందరికీ అదే. తర్వాత ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి. నంబరు మార్చుకుందామని ఎవరికీ తోచలేదు. పాస్‌వర్డ్ మరిచిపోతే చాచాకు ఫోన్ చేసేవాళ్లం. ఆయన జేబులోంచి ఆ బటన్ల ఫోన్ తీసి అంకెలు చదివేవాడు. పెళ్లిలో కనపడ్డా, మార్కెట్‌లో కనపడ్డా మా ఊరివాళ్లు ఆయన్ను బాగున్నావా అని అడిగేవాళ్లు కారు. "చాచా, నంబరొచ్చిందా?" అనేవాళ్లు.

ఆయన దుకాణం స్టేషన్ రోడ్డులో ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. మొదట అది ఫోన్ బూత్. అద్దాల తలుపు వేసుకుని జనం లోపల అరుస్తుంటే బయట వరసలో ఉన్నవాళ్లకు వాళ్ల సంసారాలన్నీ తెలిసేవి. తర్వాత ఒకరోజు కంప్యూటర్ వచ్చింది. చాచీ పాత దుప్పటి కత్తిరించి దానికి గలీబు కుట్టింది. చాచా బోర్డు మీద పాత అక్షరాలకు రంగేసి 'ఇంటర్నెట్' అని రాయించాడు. ఎండ పడితే కింద పాత 'ఎస్టీడీ' కనపడుతూనే ఉండేది. ఆ బోర్డుకు తర్వాత ఎన్ని రంగులు వేయించినా ఆ మూడక్షరాలు మాత్రం పోలేదు.

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. చాచా మీట నొక్కితే ఆ డబ్బా ముందు కీచుమనేది, తర్వాత బుర్రుమనేది, తర్వాత చాలాసేపు ఏమీ అనేది కాదు. ఫొటో తెరుచుకోవాలంటే పైనుంచి గీత గీతగా దిగేది. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్లు. మూతి దాకా వచ్చేసరికి చాయ్ తాగడం అయిపోయేది. నాకు ఆగడం రాదు, ఇప్పటికీ రాదు. కుర్చీ అంచున కూర్చుని మౌస్‌ను ఊరికే కొడుతూ ఉండేదాన్ని.

"ఆగు జర," అనేవాడు చాచా. "దునియా దూరమున్నది బిడ్డా. రావద్దా మరి?"

నాకు చెప్పడమే గానీ ఆయన ఎక్కడ ఆగాడు! నొక్కడం, లేవడం, రోడ్డు మీదికి పోయి రైలు గేటు పడిందా అని చూడడం, పక్క దర్జీతో ఒక మాట అనడం, మళ్లీ వచ్చి తెరలోకి తొంగిచూడడం. కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. ఆ 'ఆగు జర' అన్నది మాకంటే ఆయనకే ఎక్కువ అవసరమని మా అవ్వ, అంటే మా అమ్మ, నవ్వేది.

ఇంటర్ ఫలితాల రోజు ఒకటి చెప్పాలి. దుకాణం నిండా పిల్లలం. రాష్ట్రమంతా అదే సమయానికి నెట్టు మీద పడడంతో పేజీ రావడం లేదు. చివరికి నా హాల్‌టికెట్ నంబరుకు పేజీ దిగడం మొదలైంది. పేరు వచ్చింది, తెలుగు మార్కులు వచ్చాయి. అంతలో ఆగిపోయింది. దుకాణానికీ ఇంటికీ ఫోన్ తీగ ఒక్కటే. వెనక ఇంట్లో చాచీ ఆదిలాబాద్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తింది. ఫోన్ ఎత్తితే నెట్టు తెగిపోయేది.

"ఫోన్ పెట్టెయ్యి!" అని చాచా పరదా వైపు తిరిగి అరిచాడు. "పిల్లగాండ్ల పాణాలు పోతున్నయ్ ఇక్కడ!"

పరదా వెనక నుంచి చాచీ ఊరుకోలేదు. "నా చెల్లెకు పాణం బాగలేదు. ఒక్క ఫోన్ గూడ చేసుకోవద్దా నేను? గా డబ్బ తెచ్చినవు, నాకు సవతిని తెచ్చినవు!"

పిల్లలమంతా నవ్వాం. నేను మాత్రం నవ్వలేదు, నాకు అవతల లెక్కల మార్కులు తెలియాలి. చాచా మళ్లీ కీచుమనిపించాడు, మళ్లీ రోడ్డు మీదికి పోయాడు, మళ్లీ వచ్చాడు. పాసయ్యాను. చాచీ మాత్రం ఆ రోజు నుంచి నెట్టు జోలికి రాలేదు. ఆ తర్వాత ఇంట్లోకి పెద్ద ఫోన్లు వచ్చాయి, మనవరాళ్లు వీడియోలు చూపించారు. ఆమె తలైనా తిప్పేది కాదు. "నా సవతితోని నాకేం పని," అనేది.

డిగ్రీకి నేను కరీంనగర్ హాస్టల్‌కు వచ్చాక చాచా మా ఇంట్లో మనిషే అయ్యాడు. మా అవ్వ చర్చి పక్క బడిలో ఆయా. చదువు లేదు. ఆదివారం ఆరాధన అయిపోగానే అదే తెల్లచీరలో తిన్నగా చాచా దుకాణానికి పోయి కంప్యూటర్ ముందు నిలబడేది. ఆమె చెప్పేది, ఆయన టైపు చేసేవాడు. తెలుగు అక్షరాలు ఆ డబ్బాలో లేవు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు. అవ్వకు ఆ తెరలోంచి కరీంనగర్ వినపడుతుందని నమ్మకం. గట్టిగా అరిచి చెప్పేదట.

"వదినా, గంత ఒర్రకు. గిది ఫోన్ కాదు," అని చాచా.

"మరి దానికెట్ల ఎరుకైతది భాయ్, నేను పరేషాన్ల ఉన్ననని?" అని అవ్వ.

ఆ మెయిళ్లు నాకు సోమవారం అందేవి. అన్నం తింటున్నావా, తలకు నూనె పెట్టుకుంటున్నావా, ఆ హుస్నాబాద్ పిల్లతో ఎక్కువ తిరగకు. ప్రతి మెయిల్ కింద చాచా తన మాట ఒకటి కలిపేవాడు. 'మీ అవ్వ ఇంకా తిట్టింది, నేను టైపు చెయ్యలే' అని. 'మీ అవ్వ కండ్లు తుడుచుకుంటున్నది, నువ్వు ఫికర్ చెయ్యకు' అని. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు, అప్పుడు ఆ ఫోన్లు లేవు. ఆమె మాటలు నాకు మిగిలింది ఆ మెయిళ్లలోనే, చాచా వేళ్ల మీదుగా వచ్చిన ఆ తప్పుల తడకల స్పెల్లింగుల్లోనే. ఆ మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం నాకు ఎప్పుడూ నిలవదు. కొత్తది పెడతాను, మరిచిపోతాను, చాచాకు ఫోన్ చేస్తాను. "కంప్యూటర్ టీచరువేనా నువ్వు?" అని ఆయన నవ్వి అంకెలు చెప్పేవాడు. అలా ఆయనతో మాట్లాడడానికి నాకొక సాకు ఉండేది.

తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఫోన్ ఎత్తినా తెగని నెట్టు. దుకాణంలో ప్లైవుడ్ గదులు లేచాయి. కుర్రకారు వచ్చి ఎక్కడెక్కడివాళ్లతోనో కబుర్లు చెప్పుకునేవాళ్లు. చాచా వెనకాల తిరుగుతూ దగ్గేవాడు. ఆ దగ్గుకు సగం తెరలు మారిపోయేవి. ఆ తర్వాత చేతి ఫోన్లలోకే నెట్టు వచ్చింది, గదులు ఖాళీ అయ్యాయి. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించాడు. డేటా చౌకయ్యాక దానికీ ఎవరూ రాలేదు. మిల్లు మూతపడి ఉన్న రోజుల్లో మాత్రం దుకాణం కిటకిటలాడింది, ఊరంతా ఎక్కడో ఒకచోట ఉద్యోగానికి దరఖాస్తులే. అవి నింపుతూ నింపుతూ చాచా దరఖాస్తుల మనిషి అయిపోయాడు. మిల్లు మళ్లీ తెరిచాక కూడా జనం రావడం మానలేదు. వేలిముద్రలు, ఫారాలు, జెరాక్సులు. నెట్టు అందరి చేతుల్లోకి వచ్చాక, ఆ చేతులు పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపించే పని ఆయనకు మిగిలింది.

పోయిన ఎండాకాలం కలిసినప్పుడు అన్నాడు: "మొదలు మనమే నెట్టు కాడికి పోయినం బిడ్డా. తర్వాత అదే మన కాడికొచ్చింది. గిప్పుడు వచ్చింది పోతలేదు, మనల్ని ఎటూ పోనిస్తలేదు." చెబుతూనే తన రెండో ఫోన్, ఆ పెద్దదాని తెరను బొటనవేలితో తోస్తున్నాడు. ఒక వీడియో దగ్గర గుండ్రం తిరుగుతూ ఆగింది. రెప్పపాటు అంతే. ఆయన ముఖం చిట్లించి ఫోన్‌ను బల్ల మీద పడేశాడు. తర్వాత తనే నవ్వాడు. "చూసినవా? అప్పుడు చాయ్ తాగొచ్చేదాంక ఆగినం. గిప్పుడు గింత ఆగలేకపోతున్నం. బీమారి దానికా, మనకా?"

నేనూ అప్పటికే నా ఫోన్ తీసి చూస్తున్నాను.

మనిషితో మాట్లాడినట్టే మాట్లాడే ఫోన్లు వచ్చాక ఆయనకు చిన్నపిల్లాడి సరదా పట్టుకుంది. మక్క చేనుకు పురుగు పట్టింది, ఏం చెయ్యాలె అని అడిగేవాడు. అది 'మీరు ఎలా ఉన్నారు, తప్పకుండా సహాయం చేస్తాను' అంటూ మొదలుపెట్టేది. చాచా నా వైపు తిరిగి గుసగుసగా, "గిది మన దిక్కుది కాదు, బస్సెక్కి ఎక్కణ్ణుంచో వచ్చింది," అన్నాడు. "ఐనా పాపం, ఎన్నిసార్లు అడిగినా విసుక్కుంటలేదు. నేనైతే తిట్టేటోణ్ని."

నిజమే, తిట్టేవాడు. మమ్మల్నందరినీ తిట్టాడు. తిడుతూనే మళ్లీ చెప్పేవాడు. కంప్యూటర్ గదిలో పిల్లలు నాలుగోసారి అదే ప్రశ్న అడిగితే నా నోట్లోంచి వచ్చేది ఆయన తిట్టే, ఆ తర్వాత వచ్చేది ఆయన ఓపికే.

మూడో రోజు చేసే జియారత్ నాటికి కాగజ్‌నగర్ వెళ్లాను. చాచీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు గడప దాటదు, పరాయి మగవాళ్ల ఎదుట పడదు. వెనక గదిలో, పరదాకు అటువైపు చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి చేతులు చాపింది. ఇద్దరం ఏడ్చాం. ఆ ఏడుపు మధ్యలోనే కిటికీలో ఉన్న బటన్ల ఫోన్ టింగ్ మంది. చాచీ ఉలిక్కిపడింది. మళ్లీ టింగ్ మంది. వెంటనే మోగింది.

"పొద్దుగాల్నుంచి గిదే లొల్లి అక్కా," అన్నాడు చాచా కొడుకు. నిజామాబాద్‌లో కరెంటు పని చేస్తాడు, ఓపిక ఉన్న పిల్లవాడే, కానీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అమ్మి ఇద్దత్‌ల ఉన్నది. ఎవడో మొగోడు ఫోన్ జేసి నంబరు చెప్పమంటడు. రేపు దొంగోడు గూడ అట్లనే అడుగుతడు. నలభై రోజుల ఫాతిహా కాంగనే గీ నంబరు బంద్ పెట్టిస్త."

తప్పేముంది? అదే మాట నేను బడిలో పిల్లలకు చెబుతాను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు అని. అయినా బంద్ అన్న మాట వినగానే చాచీ ఫోన్‌ను ఒళ్లోకి లాక్కుంది.

"మీ అబ్బ పేరు మీద మోగేది గిదొక్కటే," అంది. "గిది గూడ బంద్ పెడితే ఇంగ ఇంట్ల సప్పుడేముంటది?"

కొడుకు బయటికి వెళ్లిపోయాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను, కూర్చున్నాను. నంబరు ఉన్నపళంగా పోతే ఊళ్లో సగంమంది మెయిళ్లు పోతాయి, నా అవ్వ మాటలు పోతాయి. నంబరు ఉంటే ఈ తల్లికి రోజూ ఈ పోరు. చివరికి నేనే అన్నాను, ముందు అందరివీ మార్పిద్దాం, తర్వాత సంగతి తర్వాత చూద్దామని. పాస్టరు గారు మా గ్రూపులో పెట్టారు. చాచా కొడుకు మసీదులో నమాజు తర్వాత ఒక మాట చెప్పించాడు. చాచా నంబరు మీద ఎవరి ఖాతాలున్నా వచ్చి మార్చుకోండి అని.

వచ్చారు. రోజూ వస్తూనే ఉన్నారు. నేను సెలవు పెట్టి చాచా కుర్చీలో కూర్చున్నాను. పరదాకు ఇటువైపు నేను, వచ్చినవాళ్లు. అటువైపు చాచీ, ఆ ఫోన్. నేను మీట నొక్కగానే అటువైపు టింగ్ అనేది. ఇంగ్లిష్ రాదు గానీ అంకెలు చాచీకి వచ్చు. అద్దాలు పెట్టుకుని ఉర్దూలో ఒక్కొక్కటే చదివేది.

"ఛే... నౌ... ఆగు జర, కనిపిస్తలేదు... దో..."

ఆ 'ఆగు జర' వినగానే పెద్ద పెద్ద మగవాళ్లు తలలు దించుకున్నారు. ఒక రిటైరైన మిల్లు ఫిట్టరు తన పని అయ్యాక కూడా కదలలేదు. "'చాచా, నంబరొచ్చిందా' అని ఇంగ ఎవర్ని అడగాలె," అన్నాడు ఎవరితోనో. పరదా వెనక నుంచి చాచీ గొంతు, "పోయిరా భాయ్, నీ నంబరు మంచిగ యాద్ పెట్టుకో," అంది. చాచా ప్రతివాడికీ చెప్పి పంపే మాటే అది. సవతి అన్న ఆ నెట్టుతో ఆమె పరదా వెనక కూర్చుని ఊరందరికీ వీడ్కోలు చెప్పించింది.

మెల్లగా జనం తగ్గారు. ఒకరోజు మధ్యాహ్నం దాకా ఒక్క టింగ్ కూడా వినపడలేదు. కొడుకు పనిముట్లు సర్దుకుంటున్నాడు. నేను బస్సుకు టైమవుతోందని గోడ గడియారం వైపు, వాకిలి వైపు చూస్తున్నాను. చాచీ ఫోన్‌ను కొంగుతో తుడిచింది, ఛార్జింగ్ ఉందా అని చూసింది, చెవి దగ్గర పెట్టుకుని చూసింది.

"అందరివైనయా?" అని అడిగింది. "ఇంగెవరన్న ఉన్నరా బిడ్డా?"

నాది మార్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఆ రోజుల్లో ఎంతమందికి ఆ నిమిషం పని చేసిపెట్టానో. నాకు చేసుకోకుండా చివరికి ఉంచుకున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. నంబరు పోతే అవ్వ మెయిళ్లు ఏమవుతాయో నాకు బాగా తెలుసు.

"ఉన్నరు చాచీ," అన్నాను. "నాది ఉన్నది."

కొడుకు తల ఎత్తి చూశాడు. "అక్కా, నువ్వే టీచరువు..."

"నాది ఉండనియ్యి తమ్మి. పోతే నాది పోతది, నీ మీదికి రాదు. అమ్మికి ఇంగ కొత్తోళ్లెవ్వరూ చెయ్యరు. ఒక్క నేనే చేస్త."

అతను నన్ను చూశాడు, తల్లిని చూశాడు. బయటికి పోయి రీఛార్జి చేయించుకుని వచ్చాడు. చాచీ ఫోన్‌ను మళ్లీ కిటికీలో, చాచా పెట్టే చోటే, ఛార్జర్ పిన్ను గుచ్చి పెట్టింది.

మొన్న బడిలో పిల్లలు భోజనానికి వెళ్లినప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' నొక్కాను. నిజంగా మరిచిపోయానా అని అడగకండి. నంబరు పంపించాం అని తెర మీద వచ్చింది. చాచీకి ఫోన్ చేశాను.

"అగో, సప్పుడైంది," అంది. "ఫోన్ పెట్టెయ్యి, సూసి జెప్త. మాట్లాడుకుంట సూసుడు నాకు రాదు."

పెట్టేశాను. లేచి కిటికీ దాకా పోయి వచ్చాను. మళ్లీ పోయి వచ్చాను. ఎంతసేపటికో తనే చేసింది. "ఆగు జర, అద్దాలు పెట్టుకుంట... అన్నం తిన్నవా?... తీన్... సాత్... ఉండు, తెర ఆరిపాయె..." చివరి అంకె చెప్పేసరికి దాని గడువు అయిపోయింది. అది చెల్లదని తెర మీద ఎర్రగా పడింది.

"తప్పు జెప్పిన్నా బిడ్డా?"

"లేదు చాచీ, సరిగ్గనే చెప్పినవు," అన్నాను. 'మళ్లీ పంపు' నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాగజ్‌నగర్‌లో, ఆ కిటికీలో, ఫోన్ మళ్లీ టింగ్ మనడం నాకు ఇక్కడికి వినపడింది.